అంబారీ మీది నుంచి సముద్రం: అమెరికా యాత్రపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఏమేమి సర్దుకోవాలో గత సంచికలో రాశాను. దానికి స్పందనగా విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది సామాను గురించి కాదు, అక్కడ ఏమి చూడాలన్న దాని గురించే. వాటిలో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన మా వారు, నేను వచ్చే మే నెలలో వెళ్లి ఐదు నెలలు ఉంటాం. న్యూయార్క్, నయాగరా, వాషింగ్టన్ తప్పకుండా చూపిస్తానని అబ్బాయి అంటున్నాడు. మాకంటే ముందు వెళ్లివచ్చిన వాళ్లందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు ఉన్నాయి. అవి కాక, చూసి ఆశ్చర్యపోయే వింతలు ఏమైనా ఉన్నాయా?
— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చూపిస్తానన్న మూడూ చూడండి. నయాగరా ముందు నిలబడి, ఆ హోరులో పక్క మనిషి మాట వినబడక ఒకరికొకరు సైగలు చేసుకున్నప్పుడు గాని ఫొటోలో లేనిదేమిటో తెలిసిరాదు. అయితే మీరు అడిగిన రెండో సంగతి నాకు మరీ ఇష్టమైనది కాబట్టి దాని గురించి కాస్త వివరంగానే రాస్తాను.

ఆ దేశంలో రోడ్డు పక్క వింతలకు ఒక చరిత్ర ఉంది. 1920ల్లో సామాన్యుల చేతికి కార్లు వచ్చాయి, ఊళ్లను కలుపుతూ రహదారులు పడ్డాయి, షికాగో నుంచి పడమటి సముద్రం దాకా వెళ్లే ప్రసిద్ధమైన రూట్ 66 కూడా 1926లోనే మొదలైంది. ఆ దారుల వెంట పెట్రోలు బంకో, భోజనశాలో, బస గదులో పెట్టుకున్న వాళ్లందరికీ ఒకటే చింత పట్టుకుంది: దూసుకుపోయే కారును తమ గుమ్మం ముందు ఆపించడం ఎలా? దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయమే ఈ భారీ బొమ్మలు, వింత కట్టడాలు.

కార్లు రాకముందే ఈ కిటుకు తెలిసినవాడు జేమ్స్ లాఫర్టీ. న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీకి దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఆయనకు ఇసుక నేలలు ఉండేవి. వాటిని ప్లాట్లుగా అమ్మడానికి ఆయన 1881లో ఆ ఇసుకలో 65 అడుగుల ఎత్తైన ఏనుగును కట్టించాడు. లోపల కర్ర, పైన రేకు. వెనక కాలులో ఉన్న మెలికల మెట్లెక్కి పొట్టలోకి వెళ్లి, అక్కడి నుంచి వీపు మీది అంబారీలోకి చేరితే ఒకవైపు సముద్రం, మరోవైపు అమ్మకానికి ఉన్న స్థలాలు కనబడేవి. భీమిలి రోడ్డులో వెంచర్ల ముందు కట్టే స్వాగత ద్వారాలను చూసిన మనకు ఆయన ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. ఆ ఏనుగు పేరు లూసీ. శిథిలమై పడగొట్టబోతున్న దశలో అది ఉన్న మార్గేట్ ఊరివాళ్లు చందాలు వేసుకుని 1970లో దాన్ని వేరే చోటికి జరిపించి కాపాడుకున్నారు. 1976లో అది జాతీయ చారిత్రక చిహ్నమైంది. న్యూయార్క్ వెళ్లినప్పుడు ఒక రోజు కలుపుకుంటే చాలు. అంబారీ మీది నుంచి ఇప్పటికీ సముద్రం చూడవచ్చు.

డాలస్ నుంచి అయితే నేను మొదట చెప్పేది అమరిల్లో దగ్గర ఉన్న క్యాడిలాక్ రాంచ్. దాదాపు ఆరు గంటల కారు ప్రయాణం. పొలం మధ్యలో పది క్యాడిలాక్ కార్లు ముక్కు నేలలో పాతేసి, తోక పైకెత్తి వరుసగా నిలబడి ఉంటాయి. 1974లో యాంట్ ఫామ్ అనే కళాకారుల బృందం స్టాన్లీ మార్ష్ అనే స్థానిక సంపన్నుడి డబ్బుతో, ఆయన పొలంలోనే ఈ పని చేసింది. 1949 నుంచి 1963 వరకు వచ్చిన నమూనాలు కావడంతో, ఆ రోజుల్లో కార్ల వెనక వచ్చిన రెక్కలు ఏటేటా ఎలా పెరిగి మళ్లీ ఎలా తగ్గాయో వరుసలో నడిచి చూస్తే తెలిసిపోతుంది. ఊరు పెరిగి దగ్గరికి రావడంతో 1997లో పదింటినీ పెకలించి రెండు మైళ్లు పడమరగా మళ్లీ పాతారు. ప్రవేశ రుసుము లేదు. వచ్చినవాళ్లు రంగు డబ్బాలు తెచ్చి కార్ల మీద తమ పేర్లు రాసుకోవచ్చు.

నేను అక్కడ ఒక కారు తలుపు అంచున పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూశాను. రంగు అక్కడ నా బొటనవేలంత మందాన పేరుకుని ఉంది. ఆ విరిగిన అంచులో ఎరుపు, పసుపు, నీలం, మళ్లీ ఎరుపు, సన్నని చారలుగా ఒకదాని మీద ఒకటి ఎన్నో పొరలు. పాత పెంకుటింటి గోడకు పెచ్చు ఊడితే సంక్రాంతి సంక్రాంతికీ వేసిన సున్నం పొరలు కనబడతాయి చూడండి, అలా ఉంది. మీరు రాసిన పేరు మర్నాటికి ఉండకపోవచ్చు. అయినా మీ వారిని తెలుగులో రాయమనండి. వాన పడితే ఆ పొలమంతా బురద కాబట్టి పాత చెప్పులు వేసుకుని వెళ్లండి, ఖాళీ డబ్బాలను అక్కడ పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి.

మరో వారాంతం ఉత్తరంగా ఓక్లహోమాలోని కటూసా వెళ్లండి. అక్కడ ఒక చెరువులో 80 అడుగుల నీలి తిమింగలం నోరు తెరుచుకుని ఉంటుంది. హ్యూ డేవిస్ అనే ఆయన తిమింగలం బొమ్మలు సేకరించే తన భార్య జెల్టా కోసం పెళ్లిరోజు కానుకగా 1970ల మొదట్లో కట్టాడు. రూట్ 66 మీద పోయేవాళ్లు ఆగి ఈతలు కొట్టడం మొదలుపెట్టడంతో అది ఊరందరిదీ అయింది. ఇప్పుడు ఈత కొట్టనివ్వరు గాని నోట్లోంచి లోపలికి నడిచి వెళ్లవచ్చు. డాల్ఫిన్స్ నోస్ కొండను రోజూ చూసే మనకు అది దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

ప్రశ్న: మా మనవడికి బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి అంటే ప్రాణం. అమెరికాలో అలాంటివి ఉన్నాయా?
— నౌకాదళ విశ్రాంత ఉద్యోగి, పెదవాల్తేరు

జవాబు: ఉన్నాయి, మూడు చెబుతాను. షికాగోలోని విజ్ఞాన, పరిశ్రమల ప్రదర్శనశాలలో జర్మనీ వారి యు-505 ఉంది. 1944 జూన్ 4న పశ్చిమాఫ్రికా తీరానికి ఆవల అమెరికా నౌకాదళం దాన్ని సముద్రంలోనే చేజిక్కించుకుంది. నేలకు దిగువన కట్టిన పెద్ద హాలులో దాని మొత్తం దేహాన్ని పక్క నుంచి చూడవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పాంపనిటో నీటి మీదే ఉంది. కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రాటన్‌లో ఉన్న నాటిలస్ ప్రపంచంలోనే తొలి అణు జలాంతర్గామి, 1958లో మంచు కింద నుంచి ఉత్తర ధ్రువాన్ని దాటినది. దాన్ని చూడటానికి రుసుము లేదు. మీకు మాత్రం శాన్‌డియేగోలోని మిడ్‌వే విమానవాహక నౌకను సిఫారసు చేస్తాను. 1945 నుంచి 1992 వరకు పనిచేసి 2004లో ప్రదర్శనశాలగా మారిన ఆ నౌకలో, అందులో పనిచేసిన పాతకాలపు నావికులు కొందరు స్వచ్ఛందంగా నిలబడి వివరిస్తుంటారు. మీరు ఎవరో చెబితే వాళ్లు మిమ్మల్ని తొందరగా వదలరు.

ప్రశ్న: స్వేచ్ఛా ప్రతిమ కిరీటం దాకా ఎక్కవచ్చని విన్నాను. నాకు అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. టికెట్ల సంగతి కూడా చెప్పండి. మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది.
— విశ్రాంత ఉపాధ్యాయిని, భీమునిపట్నం

జవాబు: టీచరు గారూ, కిరీటం వద్దనే చెబుతాను. పీఠం పై భాగం నుంచి కిరీటం వరకు 162 మెట్లు, ఇరుకైన మెలికల నిచ్చెన లాంటి దారి. అక్కడ లిఫ్టు లేదు, మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరగడమూ కష్టమే. పీఠం వరకు మాత్రం లిఫ్టు ఉంది, అక్కడి నుంచి పైకి చూస్తే లోపలి ఇనుప చట్రం కనబడుతుంది. ఆ చట్రం రూపకల్పన పారిస్‌లో తన పేరుతో గోపురం కట్టిన గుస్తావ్ ఐఫెల్‌ది, బయటి రూపం శిల్పి బార్తోల్డీది. 151 అడుగుల ఆ విగ్రహం మీది రాగి తొడుగు మందం 2.4 మిల్లీమీటర్లు మాత్రమే. 1886లో ఆవిష్కరించినప్పుడు అది కొత్త బిందెలా మెరిసేది. సముద్రపు గాలికి చిలుమెక్కి ఇప్పటి పచ్చరంగు వచ్చింది. రాగి చెంబుకు చింతపండు పెట్టి తోమే మనకు చిలుము అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. లోపలి లోహాన్ని కాపాడుతున్నది ఆ చిలుమే కాబట్టి దాన్ని తోమకుండా అలాగే ఉంచారు.

టికెట్ల విషయంలో నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదు. దక్షిణ మన్‌హాటన్‌లో, రేవుకు వెళ్లే కాలిబాట మీద, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకతను మమ్మల్ని ఆపి స్వేచ్ఛా ప్రతిమ టికెట్లంటూ అమ్మాడు. మెడలో కార్డు చూసి నమ్మాను. ఆ పడవ ద్వీపం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎక్కడా దింపకుండా తిరిగి ఒడ్డుకు చేర్చింది. మా అత్తగారు విగ్రహం పాదాల దగ్గర నిలబడాలని ఎంతో ఆశపడి వచ్చారు. ద్వీపం మీద దించడానికి అనుమతి ఉన్న పడవల సంస్థ ఒక్కటే. నేషనల్ పార్క్ సర్వీస్ వారి వెబ్‌సైటులో దాని పేరు చూసి, ముందుగానే అక్కడి నుంచే కొనండి. పీఠం లోపలికి వెళ్లే టికెట్లు త్వరగా అయిపోతాయి. మీరు ఎడిసన్ నుంచి వెళ్తున్నారు కాబట్టి న్యూయార్క్ దాకా పోకుండా న్యూజెర్సీ వైపు లిబర్టీ స్టేట్ పార్కులోనే పడవ ఎక్కండి. కారు పెట్టుకోవడానికి చోటు ఉంటుంది, వరుసలు చిన్నవి. దూరం నుంచి చూస్తే చాలు అనుకునేవాళ్లకు స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది. అది విగ్రహం ఎదురుగానే వెళ్తుంది, ఉచితం.

ప్రశ్న: ఇలాంటి వింత కట్టడాలను కట్టేదెవరు? ప్రభుత్వాలా, కంపెనీలా? ఇంత డబ్బు, శ్రమ వీటి మీద పెట్టడం వృథా కాదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: నాయనా, నేను చూసినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించినవి ఒంటరి మనుషులు కట్టినవే. నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ టవర్స్ కథ చెబుతాను.

సైమన్ రోడియా ఇటలీ నుంచి వలస వచ్చిన తాపీ కూలీ. 1921లో రైలు పట్టాల పక్కన ఒక చిన్న త్రికోణపు స్థలం కొని, పగలు కూలికి వెళ్లి, సాయంత్రాలు, సెలవు రోజులు ఆ స్థలంలో గోపురాలు కట్టడం మొదలుపెట్టాడు. 1954 వరకు, అంటే 33 సంవత్సరాలు, ఒక్కడే కట్టాడు. మొత్తం 17 నిర్మాణాలు, అన్నిటికంటే ఎత్తైనది దాదాపు 100 అడుగులు. వెల్డింగ్ లేదు, బోల్టులు లేవు, పరంజా కట్టలేదు. ఇనుప చువ్వలను రైలు పట్టా సందులో దూర్చి వంచేవాడు. కీళ్ల దగ్గర తీగతో చుట్టి, దాని మీద వల బిగించి, సిమెంటు పూసి, తడి ఆరకముందే అందులో పగిలిన పింగాణీ పళ్లేలు, సీసా ముక్కలు, సముద్రపు గవ్వలు అద్దేవాడు. దగ్గరగా నిలబడి చూస్తే ఆ సిమెంటులో ఒక టీకప్పు చెవి, దాని పక్కనే ఆకుపచ్చ సోడా సీసా అడుగు భాగం కనబడతాయి. అంతెత్తున ఆ ముక్క ఎవరికీ కనబడదని తెలిసి కూడా పై వలయాల్లో అంతే శ్రద్ధగా అద్దాడు.

1955లో ఆ స్థలాన్ని పొరుగాయనకు ఇచ్చేసి వెళ్లిపోయిన రోడియా మళ్లీ తిరిగి చూడటానికి కూడా రాలేదు. నగరపాలక సంస్థ అవి ప్రమాదకరమని, కూల్చేయాలని ఆదేశించింది. కాపాడుకోవాలనుకున్న పౌరులు పరీక్ష పెట్టమని పట్టుబట్టారు. 1959లో ఎత్తైన గోపురానికి 10,000 పౌండ్ల బలం ప్రయోగించి లాగించారు. గోపురం కదలలేదు, లాగుతున్న యంత్రమే ముందు లొంగిపోయింది. ఒక లెక్క కూడా కాగితం మీద వేయని కూలి మనిషి కట్టడం ఆ పరీక్షలో ఎందుకు నెగ్గిందో నీ గురువులతో చర్చించి చూడు. వృథా అన్న నీ మాటకు నా జవాబు ఆ పరీక్ష జరిగిన రోజు అక్కడ గుమికూడిన జనమే.

ఫ్లోరిడాలోని కోరల్ క్యాసిల్ కూడా ఇలాంటిదే. లాత్వియా నుంచి వచ్చిన ఎడ్వర్డ్ లీడ్స్‌కల్నిన్ అనే పొట్టి మనిషి 1923 నుంచి 1951లో చనిపోయే వరకు 1,100 టన్నుల సున్నపురాతిని తవ్వి, చెక్కి, నిలబెట్టాడు. ఏవో అద్భుత శక్తులతో చేశాడని ప్రచారం ఉంది గాని, పాత ఫొటోల్లో మూడు దుంగలను నిలబెట్టి కట్టిన త్రిపాది, దానికి గొలుసు కప్పీ స్పష్టంగా కనబడుతున్నాయి. అద్భుతమంటే ఆ కప్పీని ఒక్క మనిషి అన్నేళ్లు లాగడమే.

ప్రశ్న: ఎనిమిది, పదకొండేళ్ల పిల్లలతో మినియాపొలిస్‌లోని మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాం. పిల్లలకు నచ్చేలా కారులో నాలుగైదు రోజుల యాత్ర చెప్పండి.
— ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: మీరు సరైన ఊరికే వెళ్తున్నారు. అక్కడి నుంచి పడమరగా సౌత్ డకోటా దాకా సాగే దారి పిల్లల కోసమే వేసినట్టు ఉంటుంది.

బయలుదేరేముందు ఒక పూట డార్విన్ అనే పల్లెకు వెళ్లి రండి, గంట ప్రయాణం. ఫ్రాన్సిస్ జాన్సన్ అనే రైతు 1950లో గడ్డి మోపులు కట్టే పురికొసను ఉండగా చుట్టడం మొదలుపెట్టి 29 ఏళ్లు చుట్టాడు. చివరికి అది 12 అడుగుల వ్యాసంతో, 17,400 పౌండ్ల బరువుతో, అంటే ఎనిమిది టన్నులకు కొంచెం తక్కువగా తేలింది. ఉండ పెరిగాక తిప్పడం సాధ్యం కాక, రైలు పెట్టెలను ఎత్తే జాకీలతో లేపి చుట్టేవాడు. చిట్టివలస, నెల్లిమర్ల వైపు పెద్దవాళ్లు ఉంటే ఆ ఫొటో చూపించండి, జనపనార చేతితో పట్టినవాళ్లకు ఆ బరువు విలువ తెలుస్తుంది. కాన్సస్‌లోని కాకర్ సిటీ వాళ్లు తమ ఉండే పెద్దదంటారు; నిజమే, అక్కడ ఊరంతా ఏటా చుడుతూనే ఉంటుంది. ఒక్క మనిషి చుట్టినవాటిలో పెద్దది తమదేనని డార్విన్ వాళ్లు అంటారు.

తర్వాత మిచెల్ ఊళ్లోని మొక్కజొన్న భవనం. 1892లో మొదటిది కట్టారు, ఇప్పుడున్నది 1921 నాటిది. గోడల మీది చిత్రాలన్నీ మొక్కజొన్న కండెలే. కండెను నిలువునా రెండుగా కోసి, చదునైన వైపు గోడకు ఆనించి మేకు కొడతారు. రంగు పూయరు, తెలుపు, పసుపు, ఎరుపు, ముదురు నీలం, నలుపు, ఇలా ఏ రంగు కావాలంటే ఆ రంగు గింజ పండే రకాన్ని ఆ చుట్టుపక్కల పొలాల్లో వేస్తారు. గుర్రం జూలులోని నీడ కోసం వేరే రకం విత్తనం వేయాలన్నమాట. చిత్రాలను ఏటా పీకి కొత్తవి వేస్తారు కాబట్టి వేసవి చివరలో వెళ్తే మేకులు కొట్టేవాళ్లే కనబడవచ్చు, పిల్లలను అక్కడ కాసేపు నిలబడనివ్వండి. పిట్టలు గింజలు తినడం కూడా పిల్లలకు సరదాయే.

అక్కడి నుంచి వాల్ అనే చిన్న ఊరికి. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన అక్కడ మందుల దుకాణం కొన్నాడు. ఐదేళ్లు గడిచినా గిరాకీ లేదు. 1936 వేసవిలో ఆయన భార్య డరతీ, ఎండలో పోయే ప్రయాణికులకు చల్లని నీళ్లు ఉచితంగా ఇస్తామని దారి పొడవునా పలకలు పెట్టించమంది. పలకలు పాతి తిరిగి వచ్చేసరికే కార్లు ఆగి ఉన్నాయట. మన రోహిణి ఎండల్లో పెట్టే చలివేంద్రమే అది. ఇప్పుడు ఆ దుకాణం ఒక చిన్న బజారంత అయింది, అయినా మంచినీళ్లు ఉచితమే, కాఫీ ఐదు సెంట్లే.

చివరగా రష్‌మోర్ కొండ. నలుగురు అధ్యక్షుల ముఖాలు, ఒక్కొక్కటి 60 అడుగులు. గట్జన్ బోర్గ్లమ్ నాయకత్వంలో దాదాపు 400 మంది 1927 నుంచి 1941 వరకు చెక్కారు, అందులో ఎక్కువ భాగం డైనమైట్‌తోనే తొలిచారు. ఆ కొండలు లకోటా ప్రజలకు పవిత్రమైనవని, 1868 ఒప్పందంలో వారికే చెందుతాయని రాసిచ్చి తర్వాత లాక్కున్నారని పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1980లో అమెరికా సుప్రీంకోర్టు నష్టపరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. వారు కొండలే కావాలని, ఆ డబ్బును నేటికీ ముట్టలేదు. కొద్ది దూరంలోనే లకోటా యోధుడు క్రేజీ హార్స్ విగ్రహాన్ని 1948 నుంచి మరో కొండలో చెక్కుతున్నారు. ముఖం 1998లో పూర్తయింది, మిగతాది ఇంకా సాగుతోంది. రెండూ ఒకే రోజు చూపించండి.

ప్రశ్న: బొర్రా గుహలు చూసినవారికి అక్కడి గుహలు కొత్తగా అనిపిస్తాయా?
— ఒక పాఠకుడు, అరకులోయ

జవాబు: అనిపిస్తాయి. కెంటకీలోని మామత్ కేవ్‌లో ఇప్పటివరకు కొలిచిన దారులే 420 మైళ్లకు పైగా ఉన్నాయి, ప్రపంచంలో అంత పొడవైన గుహ మరొకటి తెలియదు. కానీ బొర్రా మనిషికి నేను చెప్పేది వర్జీనియాలోని లూరే గుహ. అక్కడ లీలండ్ స్ప్రింకిల్ అనే ఆయన 1950ల్లో మూడేళ్లపాటు గుహంతా తిరిగి, పైకప్పు నుంచి వేలాడే సున్నపురాతి ఊడలను తట్టి స్వరాలు వెతికాడు. సరిపడినవాటిని కొద్దిగా అరగదీసి శ్రుతి చేసి, ఒక్కొక్కదాని పక్కన రబ్బరు సుత్తి అమర్చి, అన్నిటినీ తీగలతో ఒక వాద్యపు మెట్లకు కలిపాడు. మీట నొక్కితే మూడున్నర ఎకరాల గుహలో ఎక్కడో ఒక రాయి మోగుతుంది. హంపీలో మోగే స్తంభాలు విన్నవారికి కూడా చీకట్లో నాలుగు దిక్కుల నుంచి వచ్చే ఆ నాదం కొత్తదే. వాషింగ్టన్ నుంచి రెండు గంటల దారి.

ప్రశ్న: జాతీయ పార్కులలో విదేశీయులకు రుసుము పెంచారని విన్నాం, నిజమేనా? లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ ప్యాకేజీలు మంచివేనా?
— ఒక దంపతులు, అనకాపల్లి

జవాబు: నిజమే. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివారికి వార్షిక పాస్ 250 డాలర్లు చేశారు. అక్కడ నివసించేవారికి అది 80 డాలర్లే. ఆ పాస్ లేకుండా గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ, జయన్ వంటి 11 పార్కులకు వెళ్తే, మామూలు రుసుము కాక పదహారేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ 100 డాలర్లు అదనంగా కట్టాలి. ఇద్దరు రెండు పార్కులు చూడాలనుకుంటే పాస్ కొనుక్కోవడమే మేలు. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటు మరోసారి చూడండి. నయాగరాలో పార్కులోకి నడిచి వెళ్లడానికి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలకు, ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్‌కు రుసుము లేదు.

ప్యాకేజీలలో ఒక మెలిక ఉంది. వేగస్ నుంచి ఒక్క రోజులో తిప్పి తెచ్చే చౌక యాత్రలు చాలావరకు లోయ పడమటి అంచైన వెస్ట్ రిమ్‌కే వెళ్తాయి. అది జాతీయ పార్కు కాదు, హువలపాయ్ తెగ వారి భూమి. 2007లో వారు తెరిచిన అద్దాల వంతెన అక్కడిదే. కింద లోయ, కాళ్ల కింద గాజు, చూడదగ్గదే. అందరూ ఫొటోల్లో చూసిన, మైలుకు పైగా లోతైన ఆ మహా లోయ దృశ్యం దక్షిణపు అంచైన సౌత్ రిమ్ నుంచి కనబడేది. వేగస్ నుంచి నాలుగున్నర గంటలు. చీటీ మీద సౌత్ రిమ్ అని ఉందో లేదో చూసి డబ్బు కట్టండి, వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండండి. సూర్యాస్తమయంలో ఆ రాళ్లు ఎర్రమట్టి దిబ్బల రంగులోకి వచ్చి, తర్వాత ఊదాగా మారడానికి గంట పడుతుంది. తిరుగు బస్సు తొందరలో ఉన్నవాళ్లకు ఆ గంట దక్కదు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో దయ్యాలకు భయపడి ఒకామె కట్టిస్తూనే పోయిన ఇల్లు ఉందట. పైకప్పుకు తగిలి ఆగిపోయే మెట్లు ఉన్నాయట. ఇది నిజమా, కట్టుకథా?
— ఒక పాఠకురాలు, పాతనగరం

జవాబు: ఇల్లు నిజం, మెట్లూ నిజం. శాన్ హోసేలోని వించెస్టర్ హౌస్‌లో దాదాపు 160 గదులు ఉన్నాయి. తుపాకుల కంపెనీ వారసురాలైన సారా వించెస్టర్ 1886లో ఒక పొలం ఇల్లు కొని, 1922లో కన్నుమూసే వరకు దానికి గదులు కలుపుతూ వచ్చింది. ఆమె పసిబిడ్డ 1866లో, భర్త 1881లో పోయారు. తుపాకులకు బలైనవారి ఆత్మల కోసం రాత్రింబవళ్లు ఆపకుండా కట్టించిందన్న కథను చరిత్రకారులు వెతికితే ఆధారం దొరకలేదు. పనివాళ్లను నెలల తరబడి పంపించేసిన సందర్భాలూ ఉన్నాయి. 1906 నాటి భూకంపంలో ఏడంతస్తుల గోపురం కూలింది. ఆమె దాన్ని తిరిగి కట్టించకుండా దెబ్బతిన్న భాగాలను తీసేయించి, మూయించింది. బయటి గాలిలోకి తెరుచుకునే తలుపులు, ఎటూ చేరని మెట్లు చాలావరకు అలా మిగిలినవే.

చూడటానికి వెళ్లేవాళ్లు ఆ ఇంటిని బిడ్డ పోయి, భర్త పోయి, డబ్బు మాత్రం మిగిలిన ఒక స్త్రీ తనకు నచ్చిన పనిలో మునిగిపోయిన చోటుగా చూస్తే మంచిదని నాకు అనిపిస్తుంది. అక్కడ మార్గదర్శి వెంట తిరగాలి, ముందుగా టికెట్టు తీసుకోవాలి. వెళ్లినప్పుడు పైకప్పుకు తగిలే మెట్ల కంటే ముందు, తక్కువ ఎత్తు మెట్ల వరుసను చూపించమని అడగండి. అది ఏడు మలుపులు తిరుగుతుంది, మొత్తం 44 మెట్లు, అన్నీ ఎక్కితే పైకి చేరేది దాదాపు తొమ్మిది అడుగులే, ఎందుకంటే మెట్లు అంత పొట్టివి. ముసలితనంలో కీళ్లవాతంతో కాలు ఎత్తలేకపోయిన ఆమె, తన ఇంట్లో తాను పై గదికి వెళ్లడానికి అలా కట్టించుకుంది. భీమునిపట్నం టీచరు గారు కిరీటం ఎక్కలేకపోయినా ఈ మెట్లు మాత్రం హాయిగా ఎక్కగలరు.